శ్రుతి మార్చి గెలిచిన మాండలిన్

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మా తమ్ముడు వెళ్తూ వెళ్తూ మేనకోడలి చేతిలో ఒక గిటారు పెట్టి వెళ్ళాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి.

మా అమ్మాయి రెండేళ్ళుగా గాత్రం నేర్చుకుంటోంది. సరళీలు, జంట స్వరాలు దాటి గీతాల్లోకి వచ్చింది. గిటారు చేతికి రాగానే నేర్చుకున్న గీతాలన్నీ దాని మీదే వాయిస్తానని కూర్చుంది. సంగీతం చెప్పే టీచరుగారు అది మన సంగీతానికి అమరే వాయిద్యం కాదమ్మా అని మెత్తగానే చెప్పారు. మా అత్తయ్యగారు మాత్రం మెత్తగా చెప్పలేదు. సినిమా పాటలకి తప్ప దేనికీ పనికిరాని డబ్బా అనేశారు. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని గిటారుని మంచం కిందికి తోసేసింది.

ఆ చప్పుడు వినగానే నా మనసు కలుక్కుమంది. ఎందుకంటే మా పుట్టింట్లో అటక మీద నా వీణ ఉంది. పెళ్ళయ్యాక అక్కడే ఉండిపోయింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తెచ్చుకోమనీ అనలేదు. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, నాలుగు పత్రికల్లో పేరు చూసుకున్నాను. కానీ వీణ మాత్రం అటక దిగలేదు. ఇప్పుడు మంచం కింద ఇంకో వాయిద్యం చేరుతుందేమోనని భయం వేసింది.

ఆ రాత్రి పిల్లని పక్కన పడుకోబెట్టుకుని ఒక కథ చెప్పాను. రాజుల కథ కాదు. మా రాజోలు నుంచి వెళ్ళి చించినాడ వంతెన మీద గోదావరి దాటితే వచ్చే పాలకొల్లులో పుట్టిన ఒక పిల్లవాడి కథ. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పేచీలు ఉంటాయి కదా, అందుకే ఆ కథ మీకూ చెబుదామనిపించింది.

నాన్నగారి వాయిద్యం

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు. ఇంట్లో ఆయనదే ఒక మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్ళ వయసులో పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మన ఇళ్ళల్లో అయితే పడేస్తావు, పగిలిపోతుంది, అక్కడ పెట్టు అంటాం. సత్యనారాయణగారు పిల్లవాడి వేళ్ళ మీద దృష్టి పెట్టారు. అందులో ఏదో ఉందని కనిపెట్టి, వాడికోసం వేరే మాండలిన్ కొని, తానే పాఠం మొదలుపెట్టారు.

తర్వాత తన గురువుగారి దగ్గరికే కొడుకునీ పంపారు. ఆయన రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడే నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి ఉంది. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. రాదు కాబట్టి చెప్పను అనలేదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని అదే సంగతిని తీగెల మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించేవాళ్ళు లేకపోవడమే ఒక విధంగా మేలు చేసింది. అంతకుముందు ఎవరో వాయించినట్టు కాక, గొంతు పలికినట్టు వాయించాల్సి వచ్చింది. శ్రీనివాస్ మాండలిన్ వింటుంటే ఎవరో పాడుతున్నట్టు ఉండడానికి మూలం ఆ పాఠాల్లోనే ఉందని నా నమ్మకం.

గిటారు వాయించే వాసూరావుగారు ఆ వయసులోనే అతనికి పాశ్చాత్య సంగీతం రుచి చూపించారు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసులో డిసెంబరు సంగీతోత్సవాల సందర్భంగా ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాడు. అప్పటికి పన్నెండేళ్ళు. ఈడు పిల్లలు గోళీలాడుకునే వయసులో, పక్కన తనకన్నా ఎంతో పెద్దవాళ్ళయిన వయొలిన్, మృదంగ విద్వాంసుల్ని కూర్చోబెట్టుకుని కచేరీ నడిపాడన్నమాట. పిల్లవాడి చదువు కోసం కాపురం మార్చే తల్లిదండ్రుల్ని చూస్తుంటాం. సంగీతం కోసం ఆ కుటుంబం గోదావరి ఒడ్డు వదిలి మద్రాసు చేరింది.

రెండు మెట్ల దూరం

ఆ రోజుల్లో చాలామంది రసికులకి ఉన్న సందేహం మా అత్తయ్యగారి సందేహం లాంటిదే. మాండలిన్ ఇటలీ దేశపు వాయిద్యం. మన దగ్గర సినిమా ఆర్కెస్ట్రాల్లో వినడమే ఎక్కువ. అలాంటి దాని మీద త్యాగరాజ కృతి ఏమిటి?

సందేహంలో పూర్తిగా అన్యాయమేమీ లేదు. మాండలిన్ మీద మన సంగీతానికి నిజంగానే మూడు ఇబ్బందులున్నాయి. కాస్త ఓపిక పట్టండి, సంగీతం రానివాళ్ళకి కూడా అర్థమయ్యేటట్టు చెప్తాను.

మొదటిది తీగెలు. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగెలుంటాయి. రెండేసి చొప్పున నాలుగు జంటలు. మన గమకం పలకాలంటే తీగెను పక్కకి లాగాలి, లేదా వేలిని జార్చాలి. జంట తీగెల్ని కలిపి లాగితే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి అపశ్రుతి వస్తుంది.

రెండోది నాదం నిలవకపోవడం. మీటగానే ఠంగుమని పలికి వెంటనే ఆరిపోతుంది. అందుకే మామూలుగా మాండలిన్ వాయించేవాళ్ళు ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ సాగదీస్తారు. గమకానికి ఒకే మీటులో నాదం నిలవాలి కదా.

మూడోది శ్రుతి. మాండలిన్‌ని మామూలుగా ఎలా శ్రుతి చేస్తారంటే, లావు తీగె షడ్జం అనుకుంటే రెండోది పంచమం, మూడోది పైస్థాయి రిషభం, నాలుగోది ధైవతం పలుకుతాయి. స, ప, రి, ధ. వాళ్ళ సంగీతానికి అది చక్కటి అమరిక. మన సంగీతంలో మాత్రం షడ్జ పంచమాలు ఇంటికి రెండు స్తంభాల్లాంటివి. తంబూరా వాటినే పట్టుకుని ఉంటుంది. పై రెండు తీగెలూ ఊరికే మీటితే వచ్చే రి, ధ మనం పాడే రాగంలో ఉండవచ్చు, ఉండకపోనూ వచ్చు.

శ్రీనివాస్ ఈ మూడింటికీ జవాబు చెప్పుకున్నాడు. జంట తీగెల మాండలిన్ వదిలి ఒంటి తీగెల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. ఒంటి తీగె కాబట్టి గమకానికి లొంగింది. విద్యుత్తు సాయంతో నాదం నిలిచింది. తీగెల్ని షడ్జ పంచమాలకే శ్రుతి చేశాడు. నాలుగు తీగెల చోట ఐదు పెట్టించుకున్నాడు. స, ప, స, ప, స. ఐదో తీగె చేరాక ఆ చిన్న వాయిద్యంలో మంద్రం నుంచి తారం దాకా తిరగడానికి చోటు దొరికింది.

వీణ నేర్చుకున్నవాళ్ళకి ఇది చదవగానే ఒకటి తట్టి ఉండాలి. మన వీణ మీద వాయించే నాలుగు తీగెలు, సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం, ఏ శ్రుతిలో ఉంటాయి? స, ప, స, ప. అంటే అతను ఇటలీ వాయిద్యానికి వీణ శ్రుతి పెట్టాడు. ఒళ్ళు పరాయిది, శ్రుతి మనది.

ఇలా జరగడం అదే మొదటిసారి కూడా కాదు. వయొలిన్ కూడా సముద్రం దాటి వచ్చిందే. దాని శ్రుతి కూడా అక్కడ మాండలిన్‌లాగే స, ప, రి, ధ వరసలోనే ఉంటుంది. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ సుమారు 200 ఏళ్ళ క్రితం దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. మన విద్వాంసుల చేతుల్లో పై రెండు తీగెలూ రెండేసి మెట్ల దూరం దిగి స, ప అయ్యాయి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని అది పరాయి వాయిద్యం అన్నవాళ్ళెవరు? ఇవాళ వయొలిన్ లేకుండా గాత్ర కచేరీ ఊహించలేం. పరాయిదనానికీ మనదవడానికీ మధ్య రెండు మెట్ల దూరమే అన్నమాట. అయితే ఆ రెండు మెట్లూ దించే ధైర్యం ఎవరో ఒకరు చెయ్యాలి.

ఊరు దాటి, సముద్రం దాటి

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో శ్రీనివాస్ వాయించాడు. అప్పటికి పద్నాలుగేళ్ళు. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ సందర్భంగా జరిగిన కళోత్సవంలో వినిపించాడు. 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి డ్రీమ్ అనే ఆల్బమ్ చేశాడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2009 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, జాన్ మెక్‌లాఫ్లిన్‌తో చెలిమి ఒక ఎత్తు. ఈయన ఇంగ్లండుకు చెందిన పేరున్న గిటారు విద్వాంసుడు. ఇక్కడ మా అమ్మాయి లేచి కూర్చుంది. గిటారు అన్నమాట వినబడింది కదా! మెక్‌లాఫ్లిన్ కొంతకాలం వీణ నేర్చుకున్నారు. 1970ల్లో జాకీర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో శక్తి అనే బృందం పెట్టినప్పుడు తన గిటారుని మార్పించుకున్నారు. మామూలు ఆరు తీగెల కింద అడ్డంగా మరో ఏడు తీగెలు వేయించి, వాటిని రాగానికి తగ్గట్టు శ్రుతి చేసుకునేవారు. మెట్ల మధ్య చెక్కని గుంటలుగా తొలిపించి, వీణ మీదలా తీగె లాగడానికి వీలు చేసుకున్నారు. చూశారా, పాలకొల్లు పిల్లవాడు అటువైపు వాయిద్యాన్ని ఇటు తిప్పుకుంటుంటే, అటువైపు మనిషి తన వాయిద్యాన్ని వీణ వైపు తిప్పుకున్నాడు. ఇద్దరూ ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదు.

తర్వాత రిమెంబర్ శక్తి పేరుతో ఆ బృందం మళ్ళీ మొదలైనప్పుడు శ్రీనివాస్ అందులో చేరాడు. 1999 కచేరీల్లో రికార్డు చేసిన ది బిలీవర్ ఆల్బమ్ 2000లో వచ్చింది. అందులో ఆ గిటారు, ఈ మాండలిన్ ఒకదానికొకటి జవాబు చెప్పుకోవడం వినవచ్చు. శంకర్ మహదేవన్, సెల్వగణేశ్‌లు కూడా ఆ బృందంలో ఉండేవారు. తమ్ముడు రాజేశ్ కూడా మాండలిన్ విద్వాంసుడే. అన్నదమ్ములిద్దరూ కలిసి ఎన్నో కచేరీలు చేశారు.

నా చిన్నప్పుడు మా నాన్నగారి టేప్‌రికార్డర్‌లో శ్రీనివాస్ క్యాసెట్ ఒకటి తిరుగుతూ ఉండేది. రఘువంశసుధ వచ్చేసరికి మా నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టేవారు. ఆ పరుగులో ఒక్క స్వరం కూడా తడబడేది కాదు. వీణ ముందు కూర్చుని నేనూ ఆ వేగం అందుకోవాలని చూసి వేళ్ళు నొప్పి పుట్టి ఊరుకునేదాన్ని. మా అమ్మ వంటింట్లోంచే నవ్వేది. వేగం తర్వాత, ముందు శ్రుతి చూసుకో అనేది.

కచేరీ వీడియోలు చూస్తే ఇంకోటి తెలుస్తుంది. అంత పేరున్న మనిషి వేదిక మీద ఎంత అణకువగా కూర్చునేవాడో. పక్కవాద్యం వాళ్ళు మంచి సంగతి వేస్తే ముఖమంతా నవ్వు. తాను వేసినప్పుడు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉండేవాడు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ పోయాడు. కాలేయ మార్పిడి జరిగాక ఆరోగ్యం కుదుటపడలేదు. నలభై అయిదేళ్ళే. అప్పటికి నా కూతురు చంటిపిల్ల. ఉయ్యాల ఊపుతూ టీవీలో ఆ వార్త చూశాను. పాలకొల్లు మాండలిన్ ఆగిపోయింది అనుకున్నాను. వెంటనే అటక మీది నా వీణ గుర్తొచ్చింది. ఆయనకి నలభై అయిదేళ్ళే ఇచ్చాడు దేవుడు, అందులో ముప్ఫై తొమ్మిదేళ్ళు తీగెలు మీటాడు. నాకు ఇచ్చిన ఏళ్ళు నేనేం చేస్తున్నాను అనిపించింది. పిల్ల ఏడవడంతో ఆ ఆలోచన అక్కడే తెగిపోయింది. ఆడవాళ్ళ ఆలోచనలు చాలావరకు అలాగే తెగిపోతుంటాయి కదండీ.

మంచం కిందినుంచి

కథ అయ్యేసరికి పదకొండయింది. పిల్ల నిద్రపోయిందనుకున్నాను. ఉన్నట్టుండి, అయితే నా గిటారుకి కూడా శ్రుతి మార్చవచ్చా అమ్మా అని అడిగింది.

మర్నాడు శనివారం. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఇద్దరం కూర్చున్నాం. గిటారుకి ఆరు తీగెలు. మామూలు శ్రుతిలో అవి స, ప వరసలో లేవు. అయితే గిటారు వాయించేవాళ్ళలోనే ఓపెన్ సి అని ఒక శ్రుతి ఉందని మా తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. ఆ పద్ధతిలో లావు తీగె నుంచి వరసగా చూస్తే స, ప, స, ప, స, ఆఖరిది గ. మొదటి ఐదూ అచ్చంగా శ్రీనివాస్ మాండలిన్ వరసే! నాకు ఒళ్ళు జలదరించింది.

పని పెద్దదేమీ కాదు. అన్నిటికంటే లావు తీగెను నాలుగు మెట్ల దూరం దించాలి. తర్వాతి రెండిటినీ రెండేసి మెట్లు దించాలి. నాలుగోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఐదోదాన్ని ఒక్క మెట్టు బిగించాలి. ఆరోది కూడా ఉన్నచోటే ఉంటుంది. ఫోన్‌లో తంబూరా పెట్టుకుని, ఒక్కొక్క మర తిప్పుతూ చెవి ఒగ్గాను. ఎన్నేళ్ళయిందో అలా చెవి ఒగ్గి! ఐదో తీగె బిగించేటప్పుడు తెగుతుందేమోనని ఇద్దరం కళ్ళు మూసుకున్నాం. తెగలేదు. లావు తీగె మాత్రం బాగా వదులై గరగరమంది. అంత కిందికి దించాలంటే ఇంకా లావు తీగె వేసుకోవాలట. కింది స్థాయి మరీ కావలసినవాళ్ళు ఏడు తీగెల గిటారులే చేయించుకుంటారట. శ్రీనివాస్ ఐదో తీగె ఎందుకు పెట్టుకున్నాడో మా అమ్మాయికి వేరే చెప్పక్కర్లేకపోయింది.

ఆఖరి తీగె గ అంటే అంతర గాంధారం. మాయామాళవగౌళలో, మోహనలో అదే గాంధారం కాబట్టి మొదటి పాఠాలకి ఇబ్బంది లేదు. ఖరహరప్రియ లాంటి రాగానికి వెళ్ళినప్పుడు దాన్ని మీటకుండా ఉండాలి, లేదా షడ్జానికి దించుకోవాలి. ఆ సంగతి పిల్లే కనిపెట్టి చెప్పింది.

ఇప్పుడు అసలు సమస్య. నాకు గిటారు రాదు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చూపించలేను. అప్పుడు సుబ్బరాజుగారు గుర్తొచ్చారు. నేను మోహనలో గీతం ఎత్తుకున్నాను. గొంతు వాడక బొంగురు పోయింది. అయినా పాడాను. ఒక్కొక్క ముక్క పాడి ఆగితే, పిల్ల ఆ స్వరం తీగె మీద వెతుక్కుంది. తప్పు వస్తే మళ్ళీ పాడాను. పల్లవి ఒక కొలిక్కి వచ్చేసరికి నాలుగయింది. కాఫీ వేళ దాటిపోయింది.

తలెత్తి చూస్తే గుమ్మంలో అత్తయ్యగారు. కాఫీ సంగతి అడగడానికి వచ్చారనుకుని గబుక్కున లేవబోయాను. ఆవిడ కూర్చోమన్నట్టు చెయ్యి ఊపి, రెండో ఆవృతంలో దైవతం కాస్త తగ్గింది చూసుకోండి అని చెప్పి, కాఫీ పెట్టడానికి తనే వంటింట్లోకి వెళ్ళారు. ఆవిడ చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారన్న సంగతి, కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో నాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. నా వీణ తీగెలు తుప్పు పట్టాయా, మెట్ల మైనం కరిగిపోయిందా అని అడిగాను. తీగెలు మార్చాలి, మెట్లు మళ్ళీ వేయించాలి, కాయ మాత్రం బాగానే ఉంది, ఏటా దసరాకి అటక మీంచి దింపి తుడిచి పూజలో పెట్టి మళ్ళీ ఎక్కిస్తూనే ఉన్నానంది. ఇన్నేళ్ళూ ఆ మాట నాకు చెప్పనే లేదు. నేనూ అడగలేదు.

వచ్చే ఆదివారం రాజోలు నుంచి కారు మాట్లాడాం. వెనక సీటులో వీణకి చోటు ఉండాలి కాబట్టి, మావారు బస్సులో వస్తానన్నారు.